ఎస్‌డీఎన్ స్విచ్‌ల మధ్య వైర్‌లెస్ లింకు: లోపాన్ని అంచెలంచెలుగా కనిపెట్టి సరిచేసే విధానం

ఎస్‌డీఎన్ అంటే నెట్‌వర్క్‌లోని స్విచ్‌లను కంట్రోలర్ అనే కేంద్ర సాఫ్ట్‌వేర్ నడిపే పద్ధతి. రెండు స్విచ్‌లను కేబుల్‌తో కలిపినప్పుడు ఆ లింకు గురించి కంట్రోలర్ మూడు విషయాలను అడగకుండానే నమ్ముతుంది. పోర్టు పనిచేస్తోందంటే అవతలి కొస కూడా బతికే ఉందన్నది మొదటిది. ఒక పోర్టుకు అవతల ఒకే ఒక్క స్విచ్ ఉంటుందన్నది రెండోది. ఇవతల వేసిన ఫ్రేము (లింకు మీద పోయే డేటా ముక్క) మీద ఏ చిరునామా ఉన్నా అది అదే రూపంలో అవతలికి చేరుతుందన్నది మూడోది. ఈథర్‌నెట్ స్విచ్‌ను నమూనాగా తీసుకుని రూపొందించిన ఓపెన్‌ఫ్లోకు (కంట్రోలర్ స్విచ్‌లతో మాట్లాడే భాషకు) ఈ మూడూ సహజంగానే అమరాయి. అదే రెండు స్విచ్‌లను వైఫై రేడియోలతో కలిపితే మూడింట ఏ ఒక్కటీ నిలుస్తుందన్న హామీ లేదు. ఈ రకం లింకులలో వచ్చే చిక్కుల్లో అధిక భాగం రేడియో బలహీనత వల్ల కాక, కంట్రోలర్ నమ్మకానికీ గాలిలో జరిగేదానికీ మధ్య ఉన్న ఈ ఎడం వల్ల పుడతాయని నా అభిప్రాయం. అందుకే కింది మెట్లలో చిరునామాలకూ పోర్టులకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ వివరణ లినక్స్ మీద నడిచే ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్‌నూ, 802.11 (వైఫై) రేడియోలనూ, ఓపెన్‌ఫ్లో 1.3 నూ దృష్టిలో పెట్టుకుని రాసినది. కంట్రోలర్ ర్యూ అయినా, ఓనోస్ అయినా, ఫ్లడ్‌లైట్ అయినా, ఓపెన్‌డేలైట్ అయినా పద్ధతి మారదు.

మొదటి మెట్టు: లోపం ఏ అంతస్తులో ఉందో తేల్చుకోవడం

ఏ అమరికనూ మార్చకముందే నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. రేడియోలు ఒకదానితో ఒకటి కలిశాయా? కలిసిన రేడియోల మీద స్విచ్‌లు వాటి సొంత ఐపీ చిరునామాలతో పరస్పరం పింగ్ చేసుకోగలుగుతున్నాయా? స్విచ్‌ల వెనక ఉన్న యంత్రాలు ఒకదాన్నొకటి చేరగలుగుతున్నాయా? కంట్రోలర్ గీసిన నెట్‌వర్క్ పటంలో ఆ లింకు రెండు దిశల్లోనూ కనిపిస్తోందా?

ఈ నాలుగు జవాబులు కలిసి లోపం ఎక్కడుందో దాదాపుగా చెప్పేస్తాయి. మొదటిదే కాదంటే రేడియో, తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ కీ) అమరికలు చూడాలి. స్విచ్‌లు తమలో తాము పింగ్ చేసుకుంటూ వెనక ఉన్న యంత్రాలు మాత్రం చేరుకోలేకపోతుంటే, అది దాదాపు ఎప్పుడూ చిరునామాల సమస్యే, అంటే నాలుగో మెట్టు. యంత్రాల మధ్య రాకపోకలు బాగానే ఉండి కంట్రోలర్ పటంలో లింకు కనిపించకపోయినా, వస్తూ పోతూ ఉన్నా, ఏడో మెట్టుకు నేరుగా వెళ్లవచ్చు. వీలుంటే ఇంకో పని కూడా చేయండి. రెండు స్విచ్‌లనూ కొంతసేపు కేబుల్‌తో కలిపి, అవే ఫ్లోలతో (ఏ ప్యాకెట్‌ను ఏం చేయాలో స్విచ్‌కు చెప్పే నియమాలతో) పరీక్షించండి. కేబుల్ మీద కూడా పనిచేయకపోతే తప్పు ఫ్లోలలోనో కంట్రోలర్ అప్లికేషన్‌లోనో ఉంది కాబట్టి, యాంటెన్నా ఎక్కి దిగే శ్రమ తప్పుతుంది.

రెండో మెట్టు: రేడియోను కొలవడం

‘ఐడబ్ల్యూ’ అనే లినక్స్ వైఫై పనిముట్టులో స్టేషన్ డంప్ అనే ఆదేశం ప్రతి పొరుగు రేడియోకూ సిగ్నల్ బలం, పంపే వేగం, మళ్లీ పంపిన ఫ్రేముల సంఖ్య, పంపలేక వదిలేసిన ఫ్రేముల సంఖ్య చూపిస్తుంది. దాన్ని రెండు కొసల్లోనూ నడపాలి. ఒక వైపు బాగా వినిపించి రెండో వైపు వినిపించని లింకులు అరుదేమీ కావు, ఒక్క కొసలో చూసిన అంకెతో తృప్తి పడితే అవి దొరకవు.

సిగ్నల్ ఎంత ఉండాలో ఊహించుకోకుండా లెక్క వేసుకోవడం మంచిది. అడ్డంకి లేని దారిలో కలిగే నష్టం, దూరాన్ని కిలోమీటర్లలోనూ పౌనఃపున్యాన్ని మెగాహెర్ట్జ్‌లోనూ తీసుకుని, రెండింటి లాగరిథమ్‌లనూ (10 ఆధారంగా) 20 తో హెచ్చించి కూడి, దానికి 32.44 కలిపితే వస్తుంది. 5500 మెగాహెర్ట్జ్ మీద 1 కిలోమీటరుకు ఈ నష్టం దాదాపు 107 డీబీ (డెసిబెల్). రేడియో 10 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే కొలత) శక్తితో పంపుతూ, రెండు కొసల్లోనూ 16 డీబీఐ లాభం ఇచ్చే యాంటెన్నాలు ఉంటే, అవతల సుమారు −65 డీబీఎం కనిపించాలి. మీకు −80 కనిపిస్తోందంటే 15 డీబీ ఎక్కడో పోతోంది. యాంటెన్నా దిశ తప్పిందా, ఒక యాంటెన్నా నిలువుగానూ మరొకటి అడ్డంగానూ బిగించారా, కనెక్టర్‌లో నీరు చేరిందా, దారిలో చెట్టు పెరిగిందా అన్న వరుసలో వెతకాలి. కంటికి దారి ఖాళీగా కనిపించడం చాలదు. అదే 1 కిలోమీటరు లింకు నడిమధ్యన ఫ్రెనెల్ మండలం (సూటి గీత చుట్టూ సంకేతానికి కావలసిన చోటు) వ్యాసార్ధం దాదాపు 3.7 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే 2.2 మీటర్ల మేర అయినా అడ్డంకి లేకుండా ఉండాలి.

సిగ్నల్ ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో స్వతస్సిద్ధంగా ఉండే రొద −101 డీబీఎం, 80 మెగాహెర్ట్జ్‌కు అది 6 డీబీ పెరిగి −95 అవుతుంది. రిసీవర్ సొంత రొద దీనికి అదనం. సిగ్నల్‌కూ రొదకూ మధ్య 25 డీబీ తేడా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అది 10 కి దగ్గరపడితే లింకు తెగదు గానీ ఊగిసలాడుతుంది, కంట్రోలర్‌కు ఇబ్బంది కలిగించేది సరిగ్గా ఈ స్థితే. స్విచ్‌ల మధ్య లింకుకు గరిష్ఠ వేగం కంటే నిలకడ ముఖ్యం కాబట్టి, వెడల్పాటి ఛానెల్‌ను 20 మెగాహెర్ట్జ్‌కు కుదించి ఆ 6 డీబీని వెనక్కి తెచ్చుకోమని నేను సలహా ఇస్తాను.

సర్వే డంప్ ఆదేశం ఛానెల్ ఎంతసేపు చురుకుగా ఉంది, అందులో ఎంతసేపు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు అన్నది చెబుతుంది. మీ లింకులో రాకపోకలేవీ లేని సమయంలో కూడా ఛానెల్ సగానికి పైగా తీరిక లేకుండా ఉంటే ఛానెల్ మార్చడమే మందు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడనివి 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే. వాటి మధ్యవి ఎంచుకుంటే రెండు వైపులా రద్దీని మోయవలసి వస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో మరో చిక్కు ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ వినిపించగానే రేడియో ఆ ఛానెల్ వదిలిపెట్టాలి, కొత్త ఛానెల్ కూడా అదే గుంపులోదైతే మాట్లాడే ముందు సాధారణంగా 60 సెకన్లు మౌనంగా విని చూడాలి. లింకు ఏ కారణమూ లేకుండా నిమిషం పైన మాయమై, తనంతట తానే తిరిగి వచ్చి, వేరే ఛానెల్‌లో కనిపిస్తే కారణం ఇదే. 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్లకు మారితే ఈ బెడద పోతుంది. అయితే వాటిని ఆరుబయట ఎంత శక్తితో వాడవచ్చన్నది ఆయా దేశ నియమాలను బట్టి ఉంటుంది కాబట్టి, రెండు రేడియోలలోనూ దేశ సంకేతం సరిగ్గా, ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి.

సిగ్నల్ అద్భుతంగా ఉండి, మళ్లీ పంపిన ఫ్రేములు మాత్రం కుప్పలుగా పేరుకుంటున్న దూరపు లింకుల్లో నేను మొదట అనుమానించేది దూరపు అమరికనే. ఫ్రేము చేరినట్టు రసీదు రావడానికి రేడియో కొంత గడువు మాత్రమే వేచి చూస్తుంది. 5 కిలోమీటర్ల దూరంలో సంకేతం పోయి రావడానికే 33 మైక్రోసెకన్లు పడుతుంది, 5 గిగాహెర్ట్జ్‌లో ఒక స్లాట్ (రేడియో కాలాన్ని లెక్కించే చిన్న ప్రమాణం) 9 మైక్రోసెకన్లే. రసీదు గడువు దాటాక వస్తే, చేరిన ఫ్రేమునే పంపినవాడు మళ్లీ మళ్లీ పంపుతాడు. ‘ఐడబ్ల్యూ’తో రేడియోకు దూరాన్ని మీటర్లలో చెప్పవచ్చు. కొన్ని డ్రైవర్లు దీన్ని ఒప్పుకోవు, అలాంటి కార్డును దూరపు లింకుకు వాడకపోవడమే మేలు.

విద్యుత్తు పొదుపు స్థితిని రెండు కొసల్లోనూ ఆపేయాలి. ఇది చిన్న పనే అయినా, పింగ్ సమయం కొన్ని మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా వందకు ఎగబాకే లింకుల్లో తరచుగా ఇదే జవాబు.

మూడో మెట్టు: కలయిక, తాళంచెవులు

రేడియోలు కలవకపోతే ‘ఐడబ్ల్యూ’ ఈవెంట్ ఆదేశాన్ని సమయంతో సహా నడిపి, విడిపోయినప్పుడు వచ్చే కారణ సంఖ్యను చదవాలి. 15 వస్తే నాలుగు విడతల తాళంచెవి మార్పిడి గడువులోగా పూర్తికాలేదని అర్థం. అంటే సంకేతపదం తప్పై ఉండాలి, లేదా లింకు అంత బలహీనమై ఉండాలి. 4 వస్తే చాలాసేపు ఏ కదలికా లేదని అవతలి రేడియో తెంచుకుంది. ఇక్కడే మరో విషయం చూడాలి. నెట్‌వర్క్ మేనేజర్ వంటి సేవ అదే రేడియోను తన అధీనంలో ఉంచుకుని, మీరు పెట్టిన అమరికలను వెనక నుంచి మారుస్తూ ఉండవచ్చు. స్విచ్‌కు అప్పగించిన ప్రతి రేడియోనూ దాని నిర్వహణ నుంచి తప్పించాలి.

నాలుగో మెట్టు: ఫ్రేములోని చిరునామాలు

ఓపికతో చదవవలసిన మెట్టు ఇదే. మామూలు వైఫైలో యాక్సెస్ పాయింటుకూ దానికి కలిసిన స్టేషన్‌కూ మధ్య సాగే ఫ్రేములో మూడు చిరునామాలే ఉంటాయి. స్టేషన్ పంపే ఫ్రేములో పంపిన రేడియో చిరునామాకూ అసలు మూల చిరునామాకూ కలిపి ఒక్కటే గడి ఉంది. స్టేషన్ ఒక ల్యాప్‌టాప్ అయితే రెండూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. స్టేషన్ ఒక స్విచ్ అయినప్పుడు, దాని వెనక ఉన్న యంత్రం చిరునామాతో ఫ్రేము బయలుదేరాలి. ఆ చిరునామా యాక్సెస్ పాయింటు దగ్గర నమోదై లేదు, కాబట్టి అది ఆ ఫ్రేమును పారేస్తుంది. తిరుగు దిశలో కూడా, తనకు కలవని చిరునామాకు ఫ్రేము ఎలా పంపాలో యాక్సెస్ పాయింటుకు తెలియదు. స్విచ్ సొంత ఐపీ నుంచి పింగ్ వెళ్తుంది, వెనక ఉన్న యంత్రం నుంచి వెళ్లదు. మొదటి మెట్టులో రాసుకున్న రెండో, మూడో జవాబుల మధ్య తేడాకు మూలం ఇదే.

లినక్స్ సొంత బ్రిడ్జికి (ఇంటర్‌ఫేస్‌లను ఒకే స్విచ్‌లా కలిపే సాఫ్ట్‌వేర్‌కు) ఇలాంటి స్టేషన్ రేడియోను జోడించబోతే అది నిరాకరించి తప్పును వెంటనే చూపిస్తుంది. ఓపెన్ వీస్విచ్‌లో మాత్రం పోర్టు చేరిపోతుంది, సంఖ్య వస్తుంది, కంట్రోలర్‌కు కనిపిస్తుంది. ఫ్లోలో ప్యాకెట్ల లెక్క కూడా పెరుగుతుంది, కానీ ఫ్రేములు మాత్రం అవతలికి చేరవు. అందుకే లోపం ఫ్లోలలో ఉందనుకుని రోజుల తరబడి వాటినే తిరగరాసేవారు ఉన్నారు. లెక్క పెరిగిందంటే స్విచ్ తన పని చేసి ఫ్రేమును రేడియోకు అప్పగించిందని మాత్రమే అర్థం.

దీనికి మూడు పరిష్కారాలున్నాయి, వాటిలో ఏది ఎంచుకోవాలన్నది లింకు ఆకారాన్ని బట్టి ఉంటుంది.

రెండే స్విచ్‌లు ఎదురెదురుగా ఉంటే నాలుగు చిరునామాల పద్ధతి వాడండి. ఇందులో పంపే రేడియో, అందుకునే రేడియో, అసలు మూలం, అసలు గమ్యం నాలుగూ విడివిడిగా ఉంటాయి. స్టేషన్ వైపు రేడియోను బ్రిడ్జిలో చేర్చకముందే నాలుగు చిరునామాల స్థితిని ఆన్ చేయాలి. యాక్సెస్ పాయింటు వైపు హోస్ట్ ఏపీడీలో (రేడియోను యాక్సెస్ పాయింటుగా నడిపే ప్రోగ్రాంలో) డబ్ల్యూడీఎస్, అంటే నాలుగు చిరునామాల స్టేషన్లను అనుమతించాలి. ఒక కొసలోనే ఆన్ చేస్తే లింకు కలిసినట్టే ఉండి డేటా పోదు. నిర్ధారించుకోవాలంటే పక్కన గాలిలోని ఫ్రేములన్నీ వినే ఒక మానిటర్ ఇంటర్‌ఫేస్ తెరిచి ఫ్రేములను పట్టి చూడండి. డేటా ఫ్రేము శీర్షికలో పంపిణీ వ్యవస్థ వైపు, పంపిణీ వ్యవస్థ నుంచి అనే రెండు బిట్లూ 1 గా ఉంటే నాలుగు చిరునామాలు నడుస్తున్నాయని అర్థం.

మూడు లేదా అంతకంటే ఎక్కువ స్విచ్‌లు ఒకే ఛానెల్‌లో అల్లుకుని ఉంటే, రేడియోలు ఒకదాని మీదుగా ఒకటి ప్యాకెట్లు అందించుకునే 802.11ఎస్ మెష్ ఇంటర్‌ఫేస్‌ను బ్రిడ్జిలో చేర్చవచ్చు, వెనక ఉన్న యంత్రాల చిరునామాలను మోయడానికి దానిలో ఏర్పాటు ఉంది. యాక్సెస్ పాయింటు లేకుండా రేడియోలు నేరుగా కలిసే పాత యాడ్‌హాక్ స్థితి దీనికి పనికిరాదు, దాని ఫ్రేములోనూ మూడు చిరునామాలే. అయితే మెష్‌కు సొంత దారి వెతుకుడు ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే ప్యాకెట్లు ఏ దారిన పోవాలో కంట్రోలర్ కాక మెష్ నిర్ణయిస్తుంది. మధ్య స్విచ్ మీదుగా వెళ్లిన ప్యాకెట్ దాని ఫ్లో పట్టికను తాకనైనా తాకదు. ఫ్లోలు మారుస్తున్నా దారి మారడం లేదని అనిపిస్తే మెష్ ఫార్వర్డింగ్ అమరిక 0 అయి ఉందో లేదో చూడండి.

మూడో పరిష్కారం టన్నెల్, అంటే ఒక ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి పంపడం. రేడియోలను బ్రిడ్జి బయటే ఉంచి, వాటికి ఐపీ చిరునామాలు ఇచ్చి, వాటి మీదుగా వీఎక్స్‌ల్యాన్ అనే రకం టన్నెల్ పోర్టును బ్రిడ్జికి జోడించాలి. అప్పుడు గాలిలో పోయేవన్నీ స్విచ్ సొంత చిరునామాలతోనే పోతాయి కాబట్టి మూడు చిరునామాల అడ్డు ఉండదు. పైగా ప్రతి పొరుగుకూ విడి టన్నెల్ పెడితే ఒక పోర్టుకు ఒకే పొరుగు అన్న కంట్రోలర్ నమ్మకం కూడా నిజమవుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ 50 బైట్ల భారం పడుతుంది, అయినా అప్పటికే నడుస్తున్న నెట్‌వర్క్‌ను త్వరగా దారిలో పెట్టాలంటే నేను ఎంచుకునేది ఇదే. రేడియోల తయారీదారు ఎవరైనా, వాటి లోపల ఏమున్నా ఇది పనిచేస్తుంది.

ఐదో మెట్టు: పోర్టు సంఖ్య, పోర్టు స్థితి

నాలుగు చిరునామాల లింకులో స్టేషన్ కలిసిన ప్రతిసారీ యాక్సెస్ పాయింటు వైపు ఆ స్టేషన్ కోసం కొత్త ఇంటర్‌ఫేస్ పుడుతుంది, విడిపోగానే పోతుంది. హోస్ట్ ఏపీడీ దాన్ని లినక్స్ బ్రిడ్జిలో చేర్చగలదు గానీ ఓపెన్ వీస్విచ్‌లో చేర్చే పనిని మీరు ఒక స్క్రిప్టుకు అప్పగించాలి. తిరిగి చేరినప్పుడు పోర్టు సంఖ్య మారిపోతే పాత సంఖ్యను పట్టుకుని ఉన్న ఫ్లోలన్నీ శూన్యంలోకి ప్యాకెట్లు పంపుతుంటాయి. లింకు తెగి కలిసిన తరువాత మాత్రమే లోపం మొదలై, కంట్రోలర్‌ను తిరిగి ప్రారంభిస్తే పోతుంటే అనుమానం ఇక్కడే పడాలి. ఇంటర్‌ఫేస్ అమరికలో కోరుకున్న పోర్టు సంఖ్యను ముందే రాసిపెడితే ఈ సమస్య తీరుతుంది. ఓపెన్ వీస్విచ్‌ను అమర్చే ఓవీఎస్-వీఎస్‌సీటీఎల్ పనిముట్టు షో ఆదేశంలో ‘పరికరం తెరవలేకపోయాం’ అనే అర్థం వచ్చే తప్పు కనిపిస్తే, ఆ పేరుతో ఉన్న ఇంటర్‌ఫేస్ ఆ క్షణంలో లేదని అర్థం.

స్థితి విషయం ఇంకా సూక్ష్మమైనది. కేబుల్ ఊడితే పోర్టు పడిపోతుంది, స్విచ్ ఆ వార్తను కంట్రోలర్‌కు పంపుతుంది. యాక్సెస్ పాయింటుగా పనిచేసే రేడియో మాత్రం అవతల ఎవరూ లేకపోయినా ప్రసారం చేస్తూ ‘నేను ఉన్నాను’ అనే అంటుంది. ఆ పోర్టును కనిపెట్టుకుని ప్రత్యామ్నాయ దారికి మారవలసిన ఫాస్ట్ ఫెయిలోవర్ గ్రూపు, పోర్టు బతికే ఉందని నమ్మి చచ్చిన దారిలోనే ప్యాకెట్లు పోస్తూ ఉంటుంది. స్టేషన్ వైపు నుంచి మారడం, యాక్సెస్ పాయింటు వైపు నుంచి మారకపోవడం దీని గుర్తు.

దీనికి మందు, ఆ ఇంటర్‌ఫేస్ మీద బీఎఫ్‌డీని (రెండు కొసలూ చిన్న సందేశాలతో ఒకదాన్నొకటి కనిపెట్టుకునే పద్ధతిని) రెండు కొసల్లోనూ ఆన్ చేయడం. నాలుగు చిరునామాల లింకు మీదా టన్నెల్ మీదా ఇది చక్కగా నడుస్తుంది, దాని ఫలితాన్ని ఫెయిలోవర్ గ్రూపు లెక్కలోకి తీసుకుంటుంది. మారకుండా వదిలేసిన అమరికల్లో అందుకునే వ్యవధి 1000 మిల్లీసెకన్లు, మూడు తప్పితే లింకు పోయినట్టు లెక్క. అంటే సుమారు 3 సెకన్లలో తెలుస్తుంది. కేబుల్ మీద అలవాటుగా దీన్ని పదుల మిల్లీసెకన్లకు దించుతారు. రేడియో మీద ఆ పని చేయకండి, ఒక క్షణం గాలి రద్దీ పెరిగినా బతికున్న లింకును చచ్చిందని ప్రకటించేస్తుంది.

ఆరో మెట్టు: ఫ్లోలు

ఫ్లోలను చదివేటప్పుడు ముందుగా ఓపెన్‌ఫ్లో వెర్షన్‌ను స్పష్టంగా చెప్పండి. ఫ్లోలను చదివే పనిముట్టు ఓవీఎస్-ఓఎఫ్‌సీటీఎల్‌కూ బ్రిడ్జికీ వెర్షన్ కుదరకపోతే వచ్చే తప్పును చూసి లింకు లోపమని భ్రమపడేవారున్నారు. ఆ తరువాత, నడుస్తున్న స్విచ్‌ను ప్రశ్నించే ఓవీఎస్-యాప్‌సీటీఎల్‌లోని ట్రేస్‌ను వాడండి. ఫలానా పోర్టులో, ఫలానా చిరునామాలతో ప్యాకెట్ వస్తే అది ఏ పట్టికలో ఏ ఫ్లోకు తగిలి ఎటు పోతుందో, నిజంగా ప్యాకెట్ పంపకుండానే అది వరుసగా చెబుతుంది.

వైర్‌లెస్‌కే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఇక్కడ ఉంది. ఒకే రేడియో ఉన్న మధ్య స్విచ్‌కు ఒక పొరుగు నుంచి ప్యాకెట్ వచ్చి, మరో పొరుగుకు పోవాలి. వచ్చినదీ పోవలసినదీ ఒకే పోర్టు. వచ్చిన పోర్టుకే తిరిగి పంపమని ఆ పోర్టు సంఖ్యతో రాస్తే స్విచ్ ఆ చర్యను పట్టించుకోదు. లూప్‌లు రాకుండా ఓపెన్‌ఫ్లో అలా నిర్దేశించింది. ఫ్లడ్ (అన్ని పోర్టులకూ పంపే చర్య) కూడా వచ్చిన పోర్టును వదిలేస్తుంది. సంఖ్యకు బదులు, వచ్చిన పోర్టు అని అర్థమిచ్చే ఇన్‌పోర్ట్ అనే ప్రత్యేక పోర్టును గమ్యంగా రాయాలి. మెష్‌లో అయితే పోర్టు ఒక్కటే కాబట్టి తరువాతి పొరుగు ఎవరన్నది పోర్టు చెప్పలేదు. గమ్య చిరునామాను తిరగరాసే ఫ్లోతోనో, పొరుగుకొక టన్నెల్‌తోనో చెప్పాలి. ఒకే రేడియోతో అందుకుని పంపే ప్రతి మధ్య స్విచ్ దగ్గరా వేగం ఇంచుమించు సగం అవుతుంది. అది లోపం కాదు, ఒకే గాలిలో వినడమూ మాట్లాడడమూ ఒకేసారి కుదరదు. రెండో రేడియోను వేరే ఛానెల్‌లో పెడితేనే అది తీరుతుంది.

ఇందుకు సరిగ్గా ఎదురైన లోపం కూడా ఉంది. ఒకే యాక్సెస్ పాయింటుకు కలిసిన రెండు మామూలు స్టేషన్ల మధ్య ప్యాకెట్లు, అడ్డుకునే ఫ్లో రాసినా ఆగకుండా పోతుంటాయి. వాటిని రేడియో వ్యవస్థ లోపలే తిప్పి పంపేస్తుంది, ఓపెన్ వీస్విచ్ వాటిని చూడనే చూడదు. హోస్ట్ ఏపీడీలో స్టేషన్ల ఐసొలేషన్ (ఒకదానికొకటి నేరుగా పంపుకోకుండా ఆపే అమరిక) ఆన్ చేసి, అవసరమైన రాకపోకలకు ఇన్‌పోర్ట్ ఫ్లో రాస్తే నియంత్రణ తిరిగి కంట్రోలర్ చేతికి వస్తుంది.

ఏడో మెట్టు: పటంలో లింకు వస్తూ పోతూ ఉండడం

కంట్రోలర్ లింకులను కనిపెట్టే పద్ధతి సులువైనది. ఒక స్విచ్‌లోని పోర్టు నుంచి ఎల్‌ఎల్‌డీపీ అనే, పొరుగుకు ఉనికిని తెలిపే ఫ్రేమును పంపిస్తుంది, అది మరో స్విచ్‌కు చేరి తన దగ్గరికి తిరిగి వస్తే ఆ రెండింటి మధ్య ఆ దిశలో లింకు ఉందని రాసుకుంటుంది. ఈ ఫ్రేము మల్టీకాస్ట్ (ఒకేసారి పలువురికి ఉద్దేశించిన) చిరునామాకు పోతుంది. యాక్సెస్ పాయింటు నుంచి గాలిలోకి మల్టీకాస్ట్‌గా పోయే ఫ్రేముకు రసీదు ఉండదు, పోతే మళ్లీ పంపడమూ ఉండదు. స్టేషన్ నుంచి యాక్సెస్ పాయింటుకు పోయేది మాత్రం మొదట యాక్సెస్ పాయింటు చిరునామాకే చేరుతుంది కాబట్టి దానికి రసీదు ఉంటుంది. కాబట్టి పటంలో ఒక దిశ స్థిరంగా ఉండి, యాక్సెస్ పాయింటు నుంచి బయలుదేరే దిశ మాత్రమే ఆరిపోతూ వెలుగుతూ ఉంటే, కారణం వెతకనక్కరలేదు. ఇదే.

ఎంత తరచుగా ఆరిపోతుందో లెక్కవేయవచ్చు. సెకనుకొక ఎల్‌ఎల్‌డీపీ పంపే కంట్రోలర్, వరుసగా మూడు తప్పితే లింకును తీసేస్తుందనుకుందాం. మల్టీకాస్ట్‌లో 10 శాతం పోతుంటే, వరుసగా మూడు పోవడం రోజుకు దాదాపు 78 సార్లు జరుగుతుంది. మామూలు డేటాకు పునఃప్రసారం ఉంది కాబట్టి, ఆ 10 శాతాన్ని వాడుకరి గమనించడు కూడా. తప్పిపోయేవాటి పరిమితిని ఆరుకు పెంచితే అదే లింకు సుమారు 13 రోజులకు ఒక్కసారి మాత్రమే ఆరిపోతుంది. నిజమైన గాలిలో నష్టాలు గుంపులుగా వస్తాయి కాబట్టి అంకెలు ఇంతకంటే అధ్వానంగా ఉండవచ్చు, కానీ గడువును పెంచడం ఎంత మేలు చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నిజంగా తెగిన లింకును త్వరగా కనిపెట్టే బాధ్యతను ఐదో మెట్టులోని బీఎఫ్‌డీకి అప్పగించారు కాబట్టి ఈ గడువును నిర్భయంగా పెంచవచ్చు. హోస్ట్ ఏపీడీలో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా (ఒక్కొక్కరికే పంపేదిగా) మార్చే అమరిక ఇక్కడ ఆదుకుంటుందని ఆశపడకండి. అది ఏఆర్‌పీ, ఐపీ ఫ్రేములకే వర్తిస్తుంది, ఎల్‌ఎల్‌డీపీని ముట్టుకోదు. నాలుగు చిరునామాల లింకుకు మారితే మాత్రం ప్రతి ఫ్రేమూ అవతలి రేడియో పేరిటే పోతుంది కాబట్టి, ఎల్‌ఎల్‌డీపీకి కూడా రసీదు దక్కుతుంది.

డేటా అంతా సాఫీగా పోతూ పటంలో లింకు ఎన్నడూ కనిపించకపోతే కారణం వేరు. స్విచ్‌కు బయట విడిగా ఉండే రేడియో పెట్టెలలో సొంత బ్రిడ్జి ఉంటుంది, ఎల్‌ఎల్‌డీపీ వాడే చిరునామాను బ్రిడ్జిలు ముందుకు పంపకూడదన్నది ప్రమాణం. ఆ పెట్టె తన ధర్మం ప్రకారమే ఫ్రేమును మింగేసింది. ఓనోస్, ఫ్లడ్‌లైట్ ఇందుకోసం బ్రాడ్‌కాస్ట్‌గా పోయే మరో అన్వేషణ ఫ్రేమును కూడా వాడతాయి, అలా దొరికిన దాన్ని పరోక్ష లింకుగా చూపిస్తాయి. ఆ సదుపాయం లేని కంట్రోలర్‌తో అయితే టన్నెల్ పెట్టడం తేలిక.

ఎనిమిదో మెట్టు: కంట్రోలర్‌కు పోయే దారి

దూరపు స్విచ్‌కు కంట్రోలర్‌ను చేరే దారి కూడా ఆ రేడియో లింకే అయితే, లింకు లోపమూ కంట్రోలర్ లోపమూ కలిసిపోయి ఏది ముందో తెలియకుండా పోతుంది. వీలైతే నియంత్రణకు వేరే దారి ఇవ్వండి, సన్నటిదైనా ఫరవాలేదు. వీలు లేకపోతే ఈ మూడు అమరికలను సరిచూడండి.

ఓపెన్ వీస్విచ్ కంట్రోలర్ నుంచి ఏమీ వినిపించకపోతే, 5 సెకన్ల తరువాత పలకరిస్తుంది, జవాబు రాకపోతే సంబంధం తెంచుకుంటుంది. రేడియో మీద దీన్ని 30 సెకన్లకు పెంచడం సమంజసం. రెండోది, కంట్రోలర్ దొరకనప్పుడు స్విచ్ ఏం చేయాలన్నది. స్టాండలోన్ స్థితిలో అది మామూలు స్విచ్‌లా మారి అన్నింటినీ అన్నివైపులా పంపడం మొదలుపెడుతుంది. మీ నెట్‌వర్క్‌లో రెండు దారులుంటే అదే క్షణాన లూప్ ఏర్పడి బ్రాడ్‌కాస్ట్ తుపాను రేగుతుంది, దాంతో కంట్రోలర్ అసలే చేరదు. రెండు దారులున్న చోట సెక్యూర్ స్థితినే పెట్టాలి, అది ఉన్న ఫ్లోలతోనే కొనసాగుతుంది. మూడోది, కంట్రోలర్‌కు పోయే ప్యాకెట్లు మీ సొంత ఫ్లోలకే చిక్కుకోకుండా ఓపెన్ వీస్విచ్ పెట్టే దాచిన ఫ్లోలు. మామూలు డంప్‌లో అవి కనిపించవు, ఓవీఎస్-యాప్‌సీటీఎల్‌లోని బ్రిడ్జి డంప్-ఫ్లోస్‌లో కనిపిస్తాయి. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే 6653 పోర్టు తెరిచి ఉండాలి. పాత సాఫ్ట్‌వేర్ 6633 వాడవచ్చు, ఒక కొసలో ఒకటీ మరో కొసలో ఇంకొకటీ ఉంటే సంబంధం ఎన్నటికీ కుదరదు.

తొమ్మిదో మెట్టు: ప్యాకెట్ పరిమాణం

పింగ్ పోతుంది, పెద్ద ఫైళ్లు మాత్రం మొదట్లోనే ఆగిపోతాయి. ఇది కనిపిస్తే పరిమాణాన్నే చూడాలి. ముక్కలు చేయవద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపితే శీర్షికలతో కలిపి 1500 అవుతుంది. వీఎక్స్‌ల్యాన్ టన్నెల్ మీద 1422 వరకే పోతుంది, కాబట్టి వెనక ఉన్న యంత్రాలకు 1450 పరిమితి చెప్పాలి. వైఫై ఫ్రేము 2304 బైట్ల వరకు మోయగలదు కనుక, డ్రైవర్ ఒప్పుకుంటే రేడియో పరిమితిని 1550 కి పెంచి యంత్రాల జోలికి పోకుండా ఉండడం ఇంకా మంచిది.

పదో మెట్టు: సరిచేసినదాన్ని పరీక్షించడం

ఒకసారికి ఒక్క అమరికనే మార్చి, మార్చిన సమయాన్నీ ముందు వెనకల అంకెలనూ రాసుకోండి. గాలి పరిస్థితి గంటగంటకూ మారుతుంది కాబట్టి, రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించే మినీనెట్-వైఫైలో ముందుగా ప్రయోగించి చూడడం మంచిదే, ఫ్లోలలోనూ చిరునామాలలోనూ ఉన్న తప్పులు అక్కడే బయటపడతాయి. కానీ అందులోని కృత్రిమ రేడియోలు, గాలి నష్టాన్ని అనుకరించే వీమీడియమ్‌డీని జత చేయకపోతే, ఒకదాన్నొకటి ఏ నష్టమూ లేకుండా వింటాయి. ఏడో మెట్టులోని లోపం అక్కడ కనిపించకపోతే అది లేనట్టు కాదు.

చివరి పరీక్షను ఖాళీ లింకు మీద చేయకండి. నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3తో రెండు దిశల్లోనూ భారం మోపి, అది నడుస్తుండగానే స్టేషన్ వైపు రేడియోను ఆపేయండి. ఫెయిలోవర్ గ్రూపు 3 సెకన్ల ప్రాంతంలో రెండు కొసల్లోనూ ప్రత్యామ్నాయ దారికి మారాలి. రేడియోను తిరిగి ఆన్ చేసి పోర్టు సంఖ్య పాతదే వచ్చిందా, పాత ఫ్లోల లెక్కలు మళ్లీ పెరుగుతున్నాయా, పటంలో లింకు రెండు దిశల్లోనూ తిరిగి కనిపించిందా చూడండి. ఆ తరువాత ఇదే పరీక్షను యాక్సెస్ పాయింటు వైపు నుంచి, మరోసారి కంట్రోలర్‌ను ఆపి చేయండి. ఈ మూడు సందర్భాల్లో ఏదైనా ఒకదానిలో మనిషి చేయి పెట్టవలసి వచ్చిందంటే, అది ఏ మెట్టుకు చెందిందో చూసుకుని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.